ఓడిపోయే ఓపిక

ఏడో హోల్ దగ్గరికి వచ్చేసరికి వెంకటకృష్ణయ్యకు ప్రతి ఆదివారం ఒకటే సందేహం కలుగుతుంది. దేవుడు కొండల్ని పెట్టాడు, సరే. ఎక్కి దణ్ణం పెట్టుకోమని పెట్టాడు. అడుగున బంతి పెట్టి, కర్రతో బాది, దాని వెనకాల రొప్పుకుంటూ ఎక్కమని ఎవడికి తోచిందో మాత్రం అర్థం కాదు. కోటప్పకొండ ఎక్కితే పుణ్యమన్నా దక్కుతుంది. ఈ గుట్ట ఎక్కితే దక్కేది మోకాళ్ళనొప్పి ఒక్కటే.

గురజాల దాటి మాచర్ల పోయే దారిలో ఉంది ఆ గుట్ట. సిమెంటు ఫ్యాక్టరీవాళ్ళు సున్నపురాయి తవ్వినంత తవ్వుకుని, మిగిలిన నేలను ఏం చెయ్యాలో తోచక తమ ఆఫీసర్ల కోసం తొమ్మిది గుంటలు, అంటే హోల్సు, ఉన్న గోల్ఫు మైదానం చేశారు. తర్వాత చుట్టుపక్కల వ్యాపారస్తులకు కూడా సభ్యత్వాలిచ్చారు. మొదటి ఆరు హోల్సూ కింద చదునులో ఉంటాయి, మనవళ్ళున్నవాళ్ళు కూడా హాయిగా ఆడొచ్చు. ఆఖరి మూడూ గుట్టమీదివి. గోల్ఫంటే పచ్చటి తివాచీ పరిచినట్టుంటుందని టీవీలో చూసి వచ్చినవాళ్ళు ఇక్కడ నోరు తెరుస్తారు. పల్నాడు ఎండకు ఆ గడ్డి బతకదు. గుంట చుట్టూ ఇసుక పోసి, గాలికి లేవకుండా కాలిన ఇంజనాయిల్ కలిపి తొక్కిస్తారు. దాన్ని బ్రౌన్ అంటారు. మిగతాదంతా నాపరాళ్ళు, రేగుకంపలు, తుమ్మచెట్లు.

వెంకటకృష్ణయ్యకు నరసరావుపేటలో ఇనుపసామాన్ల కొట్టుంది. ఫ్యాక్టరీకి గొలుసులూ బోల్టులూ సరఫరా చేసే రోజుల్లో అక్కడి మేనేజరొకాయన సరదాకి చేతికి కర్ర ఇచ్చి కొట్టమన్నాడు. ఈయన కొట్టాడు. బంతి పోయిన దూరం చూసి మేనేజరు సరదా మానేసి, మళ్ళీ ఒకసారి కొట్టండన్నాడు. అలా పట్టుకుంది ఆట. ఇప్పుడు అరవై దాటాయి, షుగరుంది, అయినా చెయ్యి మాత్రం ఆ చెయ్యే.

పక్కన తెల్లప్యాంటూ ఎర్ర టోపీతో నడుస్తున్నది వియ్యంకుడు రంగనాయకులు. పిడుగురాళ్ళలో సున్నం బట్టీలాయనవి. గొంతు పెద్దది, మనసూ పెద్దదే. ఎవరింట్లో పెళ్ళయినా తనింట్లో అయినట్టే తిరుగుతాడు, ఎవరికి జబ్బు చేసినా తన కారే పంపుతాడు. ఆయన కొడుకు జ్ఞానేశ్వర్‌కు వెంకటకృష్ణయ్య తన ఒక్కగానొక్క కూతురు సాయిసాత్వికను ఇచ్చాడు. పెళ్ళయి ఏడేళ్ళు. పెళ్ళయిన ఏడాదే రంగనాయకులు, వియ్యంకులన్నాక కలిసి ఆడకపోతే ఏం బాగుంటుందని క్లబ్బులో చేరాడు. అప్పట్నుంచీ ఆదివారాలన్నీ ఇద్దరివీ ఇక్కడే తెల్లవారతాయి.

ఈ ఆదివారం మాత్రం వెంకటకృష్ణయ్య అలసట మోకాళ్ళలో లేదు, గొంతులో ఉంది. ఒక మాట చెప్పాలి. చెప్పొస్తానని ఇంట్లో ఒప్పుకుని బయల్దేరాడు. ఆరు హోల్సు అయిపోయాయి, మాట పెదవి దాటలేదు.

ఆ మాట ఇది: సాయిసాత్విక ఇక పిడుగురాళ్ళ వెళ్ళదు.

ఆ ఇంట్లో ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, పుట్టింటినుంచి ఫలానాది తెమ్మని పీడించలేదు. మంచి ఇల్లు. కాకపోతే ఆ ఇంట్లో అన్నీ రంగనాయకులే చూసుకుంటాడు. కొత్తలో, కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం మనకెందుకమ్మా అన్నాడు. సరే మామయ్యా అంది. మొగుడూ పెళ్ళాలు గుంటూరులో కాపురం పెడదామనుకుంటున్నారని తెలిసి, ఊళ్ళోనే ఇంటిమీద ఇంకో అంతస్తు వేయించి తాళాలు చేతికిచ్చాడు. సరే మామయ్యా అంది. ఇప్పుడు ఐదేళ్ళు నిండిన మనవణ్ణి విజయవాడ అవతల ఏదో రెసిడెన్షియల్ స్కూల్లో వెయ్యాలని తీర్మానించాడు. దానికీ సరే మామయ్యా అంది. అని, వేసవి సెలవులు గదా అని పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని నరసరావుపేట వచ్చింది. తిరిగి వెళ్ళాల్సిన రోజు దగ్గరపడ్డాక మంచమ్మీద కూర్చుని, "నేను పోను నాన్నా, అలిసిపోయా," అంది. ఆ అనటంలో ఏడుపు కూడా లేదు. అందుకే ఆయనకు భయం వేసింది.

అల్లుడికి ఫోను చేశాడు. "నాక్కూడా బాబుని పంపటం ఇష్టం లేదు మామయ్యా. మీరే నాన్నతో చెప్పండి. మీ మాటంటే ఆయనకు గురి," అన్నాడు జ్ఞానేశ్వర్. తండ్రితో తాను చెప్పాల్సిన మాటను చక్కగా మామగారి నెత్తిన పెట్టి, ఆ తర్వాత ఫోనెత్తటం మానేశాడు. ఈ ఉదయం బయల్దేరేటప్పుడు కూతురు కాఫీ గ్లాసు చేతికిస్తూ, "చెప్తావా నాన్నా?" అంది. "చెప్తా," అన్నాడు. భార్య కృష్ణకుమారి గుమ్మం దాకా వచ్చి, "నెమ్మదిగా చెప్పండి. ఆయన మనసు నొచ్చుకోకుండా," అంది. కాలు విరిగిందని చెప్పాలి గానీ నొప్పుందని చెప్పకూడదన్నమాట.

ఏడో హోల్ నిటారుగా ఉంటుంది. కొట్టిన బంతి పైగట్టు ఎక్కితే ఎక్కినట్టు. మూరెడు తగ్గిందా, నాపరాళ్ళమీద టకటకలాడుకుంటూ దొర్లి మళ్ళీ మన కాళ్ళ దగ్గరికే వచ్చి కూర్చుంటుంది.

"రేపు పొద్దున్నే నేనే కారేసుకుని వస్తన్నా బావగారూ," అన్నాడు రంగనాయకులు, బంతి సర్దుకుంటూ. "ఎల్లుండి మంచిరోజంట. బడిలో చేర్చేద్దాం. పిల్లోడికి ట్రంకుపెట్టె కొన్నా, దానిమీద పేరు రాయించా, ఇంతింత అక్షరాలతో. పరుపు, దుప్పటి, బకెట్టు, అన్నీ కారులోనే ఉన్నయ్."

వెంకటకృష్ణయ్య కర్ర నేలకు ఆనించాడు. రేపే. ఇంకో వారం గడువుందనుకున్నాడు. "దాని గురించే బావగారూ, ఒక మాట..."

"ఉండండుండండి. కొట్టనీండి ముందు. మాట్లాడితే నాకు చెయ్యి వణుకుద్ది."

కొట్టాడు. బంతి సగం కొండెక్కి, ఒక్క క్షణం ఆగి, బుద్ధి మార్చుకుని వెనక్కి దొర్లుకుంటూ వచ్చేసింది. రంగనాయకులు దాన్ని తిట్టి మళ్ళీ కొట్టాడు. ఈసారి ఎక్కింది. చిన్నపిల్లవాడిలా చప్పట్లు చరిచి, "కానీండి, మీ వంతు!" అన్నాడు.

వెంకటకృష్ణయ్య కర్ర పట్టుకున్నాడు. ఆ కొండకు ఎంత బలం కావాలో ఆయన చేతికి తెలుసు. అందులోంచి ఎంత తగ్గించాలో కూడా తెలుసు. తగ్గించే కొట్టాడు. బంతి వెనక్కి వచ్చింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ వచ్చింది.

ఈ విద్య ఏడేళ్ళనాటిది. రంగనాయకులు క్లబ్బులో చేరిన మొదటి ఆదివారం వెంకటకృష్ణయ్య అలవాటు చొప్పున శుభ్రంగా గెలిచి ఇంటికొచ్చి, భోజనం దగ్గర ఆ సంగతి సంబరంగా చెప్పాడు. కృష్ణకుమారి నెయ్యి వడ్డిస్తున్నదల్లా గరిటె ఆపేసింది. "మగపెళ్ళివాళ్ళమీద గెలవటమేందండీ? మనం ఆడపిల్లనిచ్చుకున్నాం. రేపు ఆయన మొహం మాడ్చుకుని ఇంటికి పోతే ఆ మాడ్చిన మొహం ఎదురుగా తిరిగేది ఎవరూ, మన పిల్ల గాదూ?" అంది. ఆయనకు నిజమే గదా అనిపించింది. మర్నాడు కాదు, ఆ పూటే నిర్ణయమైపోయింది.

ఆరోజునుంచి ఆయన ఒక్కసారి కూడా గెలవలేదు. పైకి తేలిగ్గా కనపడుతుంది గానీ, బాగా ఆడగలిగినవాడు తెలియకుండా ఓడిపోవటం చాలా కష్టమైన పని. మరీ ఘోరంగా ఓడితే అవతలివాడికి అనుమానం వస్తుంది. మరీ దగ్గరగా వస్తే పొరపాటున గెలిచిపోతాం. వెంకటకృష్ణయ్య కింద ఆరు హోల్సూ సమానంగా తెచ్చేవాడు. గుట్ట మొదలయ్యాక మోకాలి నొప్పి వంక పెట్టి మెల్లగా జారిపోయేవాడు. పొదల్లోకి ఒకటి, క్వారీ గుంటలోకి ఒకటి. బ్రౌన్ మీద రంగనాయకులు బంతి మూరెడు దూరంలో ఉంటే, "తీసేయండి బావగారూ, అది పడినట్టే," అని వదిలేసేవాడు. బంతికీ గుంటకూ మధ్య ఇసుకను చెక్కపలకతో చదును చేసుకోవటం ఎవరిది వాళ్ళు చేసుకోవాలి. వియ్యంకుడిది కూడా ఈయనే చేసి పెట్టేవాడు. ఓడిపోవటంలో ఆయనంతటి పనిమంతుడు జిల్లా మొత్తమ్మీద ఉండడు. ఏడేళ్ళు చేసిన పని, ఏ పనైనా అంతే గదా, ఒళ్ళు హూనం చేసింది.

ఏడో హోల్ రంగనాయకులు గెలిచాడు. "మీ మోకాలు చూపిచ్చుకోండి బావగారూ, హైదరాబాదులో నాకు తెలిసిన డాక్టరున్నాడు," అన్నాడు. నిజంగా బాధపడే అన్నాడు.

ఎనిమిదో హోల్ దగ్గర గుట్ట రెండుగా చీలి ఉంటుంది. మధ్యలో పాత క్వారీ. అడుగున పాకుడు పట్టిన నీళ్ళు. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు ఒకే దెబ్బలో కొట్టాలి. తగ్గితే నీళ్ళపాలు, ఎక్కువైతే అవతల కంపల పాలు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. వెంకటకృష్ణయ్య కర్రలున్న చక్రాల సంచిని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సంచి తనను మోస్తున్నట్టుంది.

రంగనాయకులు నీళ్ళు తాగి సీసా ఈయన చేతికిచ్చాడు. "మా కోడలు బంగారం బావగారూ. మా పిడుగురాళ్ళలో ప్రతి ఇంట్లో చూస్తన్నా, మామ మాటకు కోడలు వంద మాటలు. మా ఇంట్లో? ఏడేళ్ళల్లో ఒక్కనాడు ఎదురు చెప్పలా. మొన్న బడి సంగతి చెప్తే కూడా, సరే మామయ్యా అంది, అంతే. పెంపకం అంటే మీదండీ."

ఆ మెచ్చుకోలు వెంకటకృష్ణయ్యకు సూదిలా గుచ్చుకుంది. "సాత్విక బాగా అలిసిపోయింది బావగారూ," అన్నాడు. ఇంతకంటే సూటిగా నోరు తిరగలేదు.

"అలిసిపోదూ మరి! ఈ ఎండలకు మనమే పడిపోతన్నాం. మేడమీద హాల్లో కూడా ఏసీ పెట్టిస్తన్నా. రేపు వచ్చేసరికి చల్లగా ఉంటది."

"ఎండకు కాదు..."

"పిల్లోడు బడికి పోతే ఆ అమ్మాయికి సగం చాకిరీ తగ్గుద్దిలే. నా బాధ ఏందంటే, మా ఊళ్ళో పొగ చూస్తన్నారుగా. నేనా పొగలోనే పుట్టా, దాంట్లోనే పెరిగా, ఏడో తరగతితో చదువాపేశా. మనవడన్నా మంచిగాలి పీల్చాల, ఇంగ్లీషులో మాట్లాడాల." ఆ మాటలంటున్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెడ్డవాడైతే ఎంత బాగుండేదో! చెడ్డవాడితో చెప్పటం ఎంత తేలిక!

రంగనాయకులు కొట్టిన బంతి క్వారీలో బుడుంగుమంది. ఇంకోటి పెట్టి కొట్టాడు. అది అవతల ఒడ్డుకు చేరింది గానీ గుంటకు చాలా దూరంగా పడింది.

ఇప్పుడు వెంకటకృష్ణయ్య తన బంతిని కూడా నీళ్ళలో వెయ్యాలి. ప్రతివారం ఇక్కడే వేస్తాడు. దానికి ఎడమ భుజం కొంచెం ముందే తిప్పాలి, మణికట్టు బిగపట్టాలి, తర్వాత అయ్యో అనాలి, తల కొట్టుకోవాలి, నవ్వాలి. అదంతా గుర్తొచ్చి ఆయనకు నీరసం ముంచుకొచ్చింది. అంత పని ఈ పూట తనవల్ల కాదు. రాత్రి నిద్ర లేదు, చెప్పాల్సిన మాట ఇంకా చెప్పలేదు. ఓడిపోవటానిక్కూడా ఓపిక కావాలి. అది అయిపోయింది.

ఏమీ ఆలోచించకుండా కొట్టాడు. బంతి క్వారీ మీదుగా ఎత్తుగా పోయి, అవతలి బ్రౌన్ మీద మెత్తగా దిగి, గుంటకు బారెడు దూరంలో ఆగింది.

రంగనాయకులు నోరు తెరిచాడు. "ఏంది బావగారూ, ఇయ్యాల పూనకం వచ్చిందా?"

"గాలి తోసింది," అన్నాడు వెంకటకృష్ణయ్య. ఒక్క ఆకు కూడా కదలటం లేదు.

క్వారీ చుట్టూ తిరిగి అవతలికి పోయారు. బ్రౌన్ మీద తన బంతిని చిన్నకర్రతో కొద్దిగా పక్కకు నెడితే చాలు, పాతదారిలో పడొచ్చు. ఆ కొద్దిపాటి మోసానికి కూడా చెయ్యి రాలేదు. నెట్టాడు, బంతి నేరుగా గుంటలో పడింది. ఆ హోల్ ఆయనదైంది. ఇద్దరూ మళ్ళీ సమానమయ్యారు. రంగనాయకులు భుజం తట్టి, "బాగుంది బావగారూ, చానా బాగుంది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ నవ్వు వెనకాల ఒక లెక్క సరిపోవటం లేదు.

తొమ్మిదో హోల్‌కు గుట్ట నెత్తిమీదనుంచి కొట్టాలి. కింద ఎక్కడో అరచేతంత బ్రౌన్ కనపడుతుంది, ఎడమపక్కంతా వాగు, కుడిపక్క నాపరాళ్ళ గుట్టలు. ఒకవైపు ఫ్యాక్టరీ గొట్టం, ఇంకోవైపు కృష్ణానది ఉండాల్సిన చోట తెల్లటి మసక. పైకెక్కేసరికి ఇద్దరికీ ఊపిరాడలేదు. రాయిమీద కూలబడ్డారు. ఇక్కడ దాటితే ఇక చెప్పటానికి చోటు లేదని వెంకటకృష్ణయ్యకు తెలుసు. కింద క్లబ్బులో నలుగురుంటారు, రేపు పొద్దున్న గుమ్మం ముందు కారుంటుంది.

"సాత్విక రాదు బావగారూ."

"ఎక్కడికి?"

"మీ ఇంటికి. బాబుని కూడా పంపదు. ఆ బడికి పంపటం దానికి మొదట్నుంచీ ఇష్టం లేదు."

రంగనాయకులు మొదట నవ్వాడు. తర్వాత ఈయన మొహం చూసి నవ్వాపేశాడు. "ఎవరేమన్నారు? మా ఇంటిది శాంతమ్మ ఏమన్నా అందా? మావాడేమన్నా చెయ్యెత్తాడా? చెప్పండి, ఇయ్యాలే తేల్చేస్తా."

"ఎవరూ ఏమీ అనలా."

"మరి? ఇష్టం లేదని నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా! నేనేమన్నా పులినా? మొన్న ఎదురుగా నిలబెట్టి అడిగా బావగారూ, ఏమ్మా, పంపుదామా అని. సరే మామయ్యా అంది. నవ్వుతా అంది! ఇదిగో, ఇట్టా నా మొహంలోకి చూసి!" గొంతు కొండంతా మారుమోగింది. "ఇష్టం లేనిదానికి నవ్వుతా ఎట్టా సరే అంటదండీ మనిషి?"

వెంకటకృష్ణయ్య లేచి నిలబడ్డాడు. చెప్పి అర్థమయ్యేట్టు చెయ్యటం తనవల్ల కాదని తెలిసిపోయింది. "ఆట పూర్తిచేద్దాం బావగారూ. తర్వాత మాట్లాడదాం."

"ఇప్పుడు ఆటేందండీ!"

"కొట్టండి. మీకే తెలుస్తుంది."

రంగనాయకులు విసురుగా లేచి కోపంలో కొట్టాడు. కోపం కలిసొచ్చిందేమో, బంతి వాగును తప్పించుకుని బాగా కిందికి పోయింది. ఆయన జన్మలో అంత మంచి దెబ్బ కొట్టి ఉండడు. తిరిగి చూశాడు, ఎప్పటిలా పొగుడుతాడేమోనని.

వెంకటకృష్ణయ్య పొగడలేదు. బంతి పెట్టుకుని, కాళ్ళు కుదురుగా దూరంపెట్టి నిలబడ్డాడు. మోకాలి వంక మర్చిపోయాడు. నడుము తిరిగింది, చేతులు తిరిగాయి, టప్పుమని ఒకే ఒక్క శబ్దం వచ్చింది. బంతి గాల్లోకి లేచి, ఎక్కడా తడబడకుండా, రంగనాయకులు బంతిని దాటుకుని బ్రౌన్ అంచున పడింది. చాలా ఏళ్ళ తర్వాత ఒంట్లో ఏదో ముడి వదిలినట్టయింది ఆయనకు. దాంతోపాటే భయం కూడా వేసింది.

రంగనాయకులు కింద పడ్డ బంతివంక, ఈయన చేతులవంక మార్చి మార్చి చూశాడు. ఆయన ఏడో తరగతితో చదువాపినా, ముప్పై ఏళ్ళు మనుషులతో బేరాలు చేసినవాడు. చెయ్యి తిరిగిన మనిషిని గుర్తుపట్టలేనివాడు కాదు. సంచి లాక్కుంటూ ముందుగా గుట్ట దిగటం మొదలుపెట్టాడు. చక్రాల సంచులు రాళ్ళమీద గడగడలాడాయి. సగం దిగాక ఆగాడు.

"ఎన్నాళ్ళబట్టి?"

"పెళ్ళయినకాడ్నుంచి."

"ప్రతివారమా?"

"ప్రతివారం."

రంగనాయకులు మొహం కందిపోయింది. "నన్ను పసిపిల్లోణ్ణి చేసి ఆడిచ్చారన్నమాట. నేను ఊరంతా చెప్పుకున్నా బావగారూ! మా బావమీద గెలిచా, గెలిచా అని బట్టీ కాడ కూలోళ్ళతో సహా చెప్పుకున్నా. వెనక నవ్వుకునేవాళ్ళా మీరు?"

"నవ్వలేదు. అలిసిపోయేవాణ్ణి. ఆడపిల్లనిచ్చినవాణ్ణి, ఎట్టా గెలుస్తా? మీ మొహంలోకి చూసి నేనూ నవ్వుతానే ఉన్నాగా బావగారూ. ఏ ఒక్క వారమన్నా కనిపెట్టారా?"

రంగనాయకులు ఎర్ర టోపీ తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. గొంతు బాగా తగ్గించి, "జ్ఞానేశ్వరూ ఇంతేనా?" అని అడిగాడు.

వెంకటకృష్ణయ్య సంచి పిడి సర్దుకున్నాడు. అల్లుడు ఫోనులో అన్నమాట చెప్పెయ్యొచ్చు. నోరు రాలేదు.

"శాంతమ్మ? ముప్పై ఐదేళ్ళుగా నాతో కాపురం చేస్తంది. అదీనా?"

ఆ సంగతి వెంకటకృష్ణయ్యకు తెలియదు. ఆ మనిషిని చూస్తే జాలేసింది. ఎవరూ ఎదురాడని ఇంట్లో ఒంటరిగా గెలుచుకుంటూ కూర్చున్నాడు పాపం, ఇన్నేళ్ళూ. అందులో తన పాలు కూడా తక్కువేం లేదు. పిల్లకు ఆ సరే అనే మాట అత్తగారింట్లో ఎవరూ నేర్పలేదు. ఆ పెంపకం తమదే.

బ్రౌన్ దగ్గరికి చేరారు. వెంకటకృష్ణయ్య బంతి పూర్తిచేశాడు. ఇప్పుడు రంగనాయకులు బంతి గుంటకు మూరెడు దూరంలో ఉంది. అది పడితే సమానం, పడకపోతే ఓటమి. అలవాటు కొద్దీ "తీసేయండి బావగారూ" అనే మాట వెంకటకృష్ణయ్య నాలిక చివరిదాకా వచ్చింది. రంగనాయకులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అనమాకండి."

చెక్కపలక తనే తీసుకున్నాడు. ఇసుకను తనే చదును చేశాడు. ఎప్పుడూ చేసుకున్న పని కాదు, గీతలు వంకర్లు పోయాయి. చాలాసేపు వంగి చూసి నెట్టాడు. బంతి గుంట అంచును రాసుకుంటూ పక్కకు పోయింది. వెనక్కి నెట్టాడు, మళ్ళీ తప్పింది. మూడోసారికి పడింది. గుంటలోంచి బంతి తియ్యటానికి వంగినవాడు వెంటనే లేవలేదు.

వెంకటకృష్ణయ్యకు గెలిచినట్టే లేదు. కాళ్ళు పీకుతున్నాయి, నోరెండిపోయింది.

రంగనాయకులు జేబులోంచి ఫోను తీసి, స్పీకరు పెట్టి, కోడలికి చేశాడు. ఒక్క రింగుకే ఎత్తింది. అటునుంచి పిల్లవాడి కేరింతలు వినపడుతున్నాయి.

"మామయ్యా, టిఫిను తిన్నారా? ఎండలో ఎక్కువసేపు ఉండకండి." ఆ గొంతు ఎంత హుషారుగా ఉందో! ఆనాడు మంచమ్మీద కూర్చున్న పిల్లేనా అనిపించేట్టు ఉంది. రంగనాయకులు ఆ గొంతును మొదటిసారి వింటున్నవాడిలా విన్నాడు.

"అమ్మా, బడి సంగతి. నీకిష్టమేనా?"

వెంటనే అదే నవ్వు. "మీరెట్లా అంటే అట్లానే మామయ్యా."

రంగనాయకులు కళ్ళు మూసుకున్నాడు. ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. వెంకటకృష్ణయ్య గబగబా వచ్చి ఆ చేతిమీద తన చెయ్యి వేసి ఫోను పైకెత్తి, "అమ్మాయ్, నేను చెప్పేశా," అన్నాడు. "ఆయనకు తెలుసు. ఇంక సరే అనమాక తల్లీ. నీ వల్ల కావటం లేదని నాకు తెలుసు. నా వల్లా కావటం లేదు."

అటు పిల్లవాడి అరుపులు దూరమయ్యాయి. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్న చప్పుడు. తుమ్మచెట్టు మీద ఏదో పిట్ట అరిచి ఊరుకుంది.

"పంపను మామయ్యా," అంది సాయిసాత్విక. గొంతులో హుషారు లేదు, నవ్వు లేదు. ఆ గొంతు ఆమెదేనని తండ్రికి తప్ప ఇంకెవరికీ తెలియదు. "వాడికి ఐదేళ్ళు. రాత్రిపూట నా చెయ్యి పట్టుకుంటేగానీ పడుకోడు. నేను పంపను."

రంగనాయకులు ఏదో అనబోయాడు. ఏళ్ళ తరబడి అలవాటైన మాటలు, అమ్మా నువ్వు కంగారుపడమాక, నేను చూసుకుంటాగా, అవన్నీ గొంతుదాకా వచ్చి ఉంటాయి. మింగేశాడు.

"ఇంకా," అన్నాడు. "ఇంకేమన్నా ఉందా తల్లీ?"

"ఉంది మామయ్యా. చానా ఉంది."

ఆ మాటకు ఆయన చుట్టూ చూశాడు, కూర్చోవటానికి రాయి కూడా లేదు. తెల్లప్యాంటుకు నూనె మరకలవుతాయని చూసుకోకుండా ఆ నల్లటి ఇసుకలోనే కూలబడి, ఫోనును రెండు చేతులతో దగ్గరికి తెచ్చుకున్నాడు.

"పెట్టెయ్యమాకమ్మా," అన్నాడు. "కూర్చున్నా. చెప్పు."